మదరాసు నుంచి పెనాంగుకు: సముద్రం దాటిన మాట

మలేషియాకు వచ్చి స్థిరపడిన తెలుగువారి చరిత్రను గురించి ఇటువంటి ఉత్సవ సంచికలలో పలువురు పెద్దలు వ్రాసి వున్నారు. ఓడల గురించి వ్రాశారు, కంగాణీల గురించి వ్రాశారు, తోటలలో కట్టుకున్న రామమందిరాల గురించీ తెలుగు బడుల గురించీ వ్రాశారు. అయితే ఇక్కడి మనుషులకూ అక్కడి మనుషులకూ మధ్య మాట ఎలా నడిచిందన్న సంగతి ఎవరూ తీరికగా చెప్పినట్లు కనపడదు. ఉత్తరాన్ని గురించి అందరికీ తెలుసు. నేను చెప్పదలచింది గొంతును గురించి. ఆ గొంతును చెడగొట్టే దోషం ఒకప్పుడు సముద్రంలో వుండేది. తరువాత ఆకాశంలోకి పోయింది. ఆ తరువాత వ్యాపారుల లెక్కలలోకి దిగింది. ఇప్పుడు మన ఇంటి హాలులోకి వచ్చి కూర్చున్నది. ఇది నా ఊహ కాదు, లెక్క వేసి చూపగలిగిన మాటే.

మన ముత్తాతలు చాలామంది విశాఖపట్నం జిల్లా వారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా విడిపోలేదు, అది 1950 నాటి మాట. వారిని, వారి బంధువులను మోసిన ఓడలలో 'రజూలా' పేరు మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. 1926లో నీటిలోకి దిగిన ఆ ఓడ 1970 దశకం మొదటివరకు మదరాసు, నాగపట్నం, పెనాంగు, సింగపూరు రేవుల మధ్య తిరిగింది. ఉత్తరం కూడా మనిషితో సమానంగా ఓడ ఎక్కి, మనిషితో సమానంగా దిగేది. 1938లో భారత ప్రభుత్వం మలయా తోటలకు కూలీలను పంపడం నిలిపివేయగా కొత్త మనుషుల రాక తగ్గింది. 1941 డిసెంబరులో జపాను దండు దిగిన తరువాత ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. యుద్ధం ముగిసి మళ్లీ మొదటి ఉత్తరం వచ్చేసరికి, అక్కడ ఎవరు పోయారో ఇక్కడివారికీ, ఇక్కడ సయాం రైలుదారి పనిలో ఎవరు పోయారో అక్కడివారికీ ఒకేసారి తెలిసింది. అటువంటి ఇళ్లు మా తోటలోనే మూడు వుండేవి.

విచిత్రమేమంటే, మన ముత్తాతలలో చాలామంది కంటే ముందే తంతి ఈ సముద్రాన్ని దాటింది. మదరాసు నుంచి పెనాంగుకు, అక్కడి నుంచి సింగపూరుకు కడలి అడుగున వేసిన టెలిగ్రాఫు తీగ 1871లో పనిలోకి వచ్చింది. ఆ రాగితీగకు ఉప్పునీరు తగలకుండా చుట్టే పదార్థాన్ని గట్టాపర్చా అంటారు. అది చెట్టు పాలనుంచి వచ్చే పదార్థం. ఆ చెట్లు మలయా అడవులవే. రబ్బరు చెట్టు బ్రెజిలు నుంచి వచ్చిన అతిథి గాని, గట్టాపర్చా ఈ నేల బిడ్డ. ప్రపంచంలోని సముద్రపు తీగలు దాదాపు అన్నీ ఆ కాలంలో ఈ ప్రాంతపు చెట్ల పాలనే చుట్టుకొని పడుకున్నాయి.

ఆ తంతి మనవారికి అక్కరకు వచ్చిందా అంటే, దాదాపు రాలేదనే చెప్పాలి. మాటకు ఇంత అని రేటు కట్టే ఆ సాధనం తోటల యజమానులకు, బ్యాంకులకు, వర్తకులకు. తోటకూలికి తంతి వచ్చిందంటే చావు కబురే. కాగితం విప్పకముందే లైను ఇళ్లలో ఏడుపు మొదలయ్యేది. చదివి చెప్పే గుమాస్తా కోసం తరువాత వెతికేవారు.

తంతి దాటిన నీటిని గొంతు దాటలేకపోవడానికి కారణం వుంది. తంతికి చుక్క, గీత చాలు. గొంతు అలా కాదు. సెకనుకు కొన్ని వందల నుంచి కొన్ని వేలసార్లు కదిలే అల అది. పొడవైన సముద్రపు తీగలో ఆ అలలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, బలం తరిగి, అవతలికి చేరేసరికి బురదగా మారతాయి. మధ్య మధ్య వాటికి బలం పోసే రిపీటర్లను కడలి అడుగున ఏళ్ల తరబడి చెడకుండా పనిచేయించడం చేతనైన తరువాతనే, 1956లో, అట్లాంటిక్ సముద్రం కింద మొదటి టెలిఫోను తీగ పడింది. దాని మీద ఏకకాలంలో 36 సంభాషణలు సాగేవి. అంతకుముందు వున్నది రేడియో టెలిఫోను. ఇండియాకూ ఇంగ్లండుకూ 1933లోనే అటువంటిది ఏర్పడింది. పొట్టి తరంగాల మీద నడిచే ఆ మాట వాతావరణాన్ని బట్టి వచ్చేది, పోయేది. సాయంకాలం బాగున్నది రాత్రికి మింగుడుపడేది కాదు. ధర సంగతి ఎత్తకపోవడమే మంచిది.

మా ఇంటికి సంబంధించిన మొదటి కాల్ 1976లో జరిగింది. అప్పుడు మేము దిగువ పేరాక్‌లో, బాగాన్ దతో వైపు ఒక కొబ్బరితోటలో వుండేవాళ్లం. మా తాతకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక తమ్ముడు వుండేవాడు. నలభై ఏళ్లుగా ఒకరి గొంతు ఒకరు వినలేదు. నెల ముందుగా ఉత్తరం వ్రాసి, ఫలానా తేదీన ఊరి తపాలా కచేరిలో వుండమని చెప్పి, నేటి తెలుక్ ఇంతాన్, నాటి తెలుక్ ఆన్సన్ పట్టణంలోని టెలిఫోను కచేరికి వెళ్లి పి.పి. కాల్ బుక్ చేశాము. పి.పి. అంటే ఫలానా మనిషి దొరికితేనే కాల్ లెక్క, లేకపోతే లేదు. పొద్దున తొమ్మిదింటికి బుక్ చేస్తే సాయంత్రం అయిదు దాటాక లైను దొరికింది. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని, పొద్దున్నించీ అదే బల్ల మీద కూర్చున్నాడు. అన్నానికి కూడా లేవలేదు.

"ఒరే తమ్ముడూ, ఇనిపిస్తందేట్రా?" అన్నాడు. జవాబు లేదు. వినపడలేదేమోనని తాత మళ్లీ అన్నాడు. సరిగ్గా అదే సమయానికి అవతలి నుంచి "ఇనిపిస్తందన్నా" అన్న మాట వచ్చి తాత మాట మీద పడింది. ఇద్దరూ ఆగారు. ఇద్దరూ మళ్లీ ఒకేసారి మొదలుపెట్టారు. దానికి తోడు తాత మాట తాతకే అరక్షణం తరువాత తిరిగి వినిపిస్తున్నది. మూడు నిమిషాలలో రెండు నిమిషాలు 'ఇనిపిస్తందా' తోనే సరిపోయింది. చివరి నిమిషంలో తాత, నాన్నగారి నాటి పొలం సంగతి అడిగాడు. అవతలి నుంచి కొంచెం ఆగి, "బాగానే వుందన్నా" అన్న జవాబు వచ్చింది. ఆపరేటరు మూడు నిమిషాలు అయినట్లు చెప్పింది.

బస్సులో తిరిగి వస్తూ తాత అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "ఆడు ఆలోసించి ఆలోసించి జవాబిస్తన్నాడ్రా. పొలం సంగతి ఏటో దాస్తన్నాడు." చిన్నతాత ఏమీ దాచలేదు. పొలం పొలంగానే వుంది. కాని ఆ అనుమానం తాతను విడిచిపోలేదు. ఆయన పోయిన ఏడు వచ్చిన ఉత్తరాన్ని కూడా రెండుసార్లు చదివించుకుని, "సూడు, పొలం మాట రాయనేదు" అన్నాడు.

ఆ అరక్షణం మౌనాన్ని బట్టి ఆ కాల్ ఆకాశం దారిన వెళ్లిందని ఇప్పుడు చెప్పగలను. మలేషియాలో కువాంతాన్ దగ్గర 1970లోను, ఇండియాలో పూనా దగ్గర ఆర్వీలో 1971లోను ఉపగ్రహ కేంద్రాలు ఏర్పడ్డాయి. హిందూ మహాసముద్రం పైన నిలిచిన ఇంటెల్‌శాట్ ఉపగ్రహం రెండింటికీ కనపడేది. భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్లుండే ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కి.మీ. ఎత్తున వుండి తీరాలి. అది ప్రకృతి నియమం, ఎవరూ తగ్గించలేరు. గొంతు అంత పైకి పోయి అంత కిందికి రావడానికి పావు సెకను పడుతుంది. మనం అడిగిన ప్రశ్న వెళ్లడానికి పావు, జవాబు రావడానికి పావు, వెరసి అర సెకను. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మనుషులు సాధారణంగా సెకనులో అయిదో వంతులోపే జవాబు అందుకుంటారు. అంతకుమించి ఆగితే, ఎదుటివాడు తటపటాయిస్తున్నాడని మనసు తనంతట తానే అనుకుంటుంది. మా తాత చెవి తప్పు చేయలేదు. అది చెవులకు అలవాటైన లెక్క. తప్పు 35,786 కి.మీ.లది.

తిరిగి వచ్చిన గొంతు సంగతి వేరు. ఇంటి నుంచి ఎక్స్ఛేంజికి వెళ్లే లైనులో రెండే తీగలు; రానూ పోనూ మాట ఆ జంట మీదే. దూరపు లైనులో పోయే మాటకు ఒక జంట, వచ్చే మాటకు ఒక జంట. ఈ రెండింటిని కలిపే చోట కొంత మాట కారి వెనక్కి తిరుగుతుంది. పక్క ఊరి కాల్‌లో అది వెంటనే వచ్చేస్తుంది గనుక తెలియదు. ఉపగ్రహం మీద అరసెకను తరువాత వస్తుంది గనుక భూతం మాట్లాడినట్లుంటుంది. దానిని అణచే యంత్రాలు ఆ రోజుల్లో వున్నా, అవి ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారి నోరు మూసేవి. ఇద్దరూ కలిసి మాట్లాడితే ఇద్దరి మాటా ముక్కలయ్యేది. ఇద్దరూ కలిసి మాట్లాడకుండా తెలుగువాళ్లు టెలిఫోను చేయడం ఎలాగో నాకు తెలియదు.

1981 మన మలేషియా తెలుగువారికి రెండు విధాలుగా గుర్తుండదగిన సంవత్సరం. రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ఏట కౌలాలంపూరులో జరిగాయి. ఆ సంగతి మీకందరికీ తెలుసు. అదే ఏట మదరాసుకూ పెనాంగుకూ మధ్య సముద్రపు టెలిఫోను తీగ పనిలోకి వచ్చింది. 1871 నాటి తంతి నడిచిన ఆ రెండు రేవుల మధ్యనే, నూట పది ఏళ్లకు, గొంతు నడిచింది. ఆకాశం దారి తప్పింది గనుక ఆ అరక్షణం మౌనమూ తప్పింది. మా నాన్న ఆ తరువాత ఒకసారి చిన్నతాత కొడుకుతో మాట్లాడి ఇంటికి వచ్చి, "ఈయాల ఎంటనే పలికాడు" అన్నాడు. అప్పటికి తాత లేడు.

ఆ పదిహేను ఏళ్లూ, నన్నడిగితే, టెలిఫోను గొంతుకు మంచి రోజులు. ఎక్స్ఛేంజీలు అంకెల మీద నడవడం మొదలైంది. 1972లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి ప్రకారం గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతనూ 8 బిట్లలో వ్రాస్తారు; సెకనుకు 64,000 బిట్లు. దూరం పోయేకొద్దీ అంకె చెడదు. ఇటు ఇండియాలో 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, చిన్న ఎక్స్ఛేంజీలు పల్లెలకు చేరి, పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు వెలిశాయి. మా ఊరి బూతు కుర్రవాడు సైకిలు తొక్కుకుంటూ వెళ్లి మనిషిని పిలుచుకువచ్చేవాడు. మాట బాగుంది. ధర మాత్రం తోట జీతానికి అందేది కాదు.

ధర తగ్గించినవి కార్డులు. 1990 దశకం చివర కిరాణా కొట్లలో, టెలిఫోను కార్డుల మీద గోకితే రహస్య సంఖ్య కనిపించే కాలం వచ్చింది. ఆ కార్డులలో చాలావాటి వెనుక ఇంటర్నెట్టు దారి వుండేది. గొంతును 64,000 బిట్ల బదులు 8,000 బిట్లలోకి, అంటే ఎనిమిదో వంతులోకి కుక్కే పద్ధతి 1996లో ఖరారైంది. అది గొంతును వున్నది వున్నట్లు పంపదు. మనిషి గొంతుక, నాలుక, పెదవులు ఎలా కదిలి ఆ ధ్వని పుట్టి వుంటుందో లెక్క కట్టి, ఆ లెక్కను పంపుతుంది; అవతలి యంత్రం దానిని బట్టి గొంతును మళ్లీ తయారుచేస్తుంది. ఒక మనిషి నిదానంగా మాట్లాడితే బాగానే వుంటుంది. కాని అది మనిషి గొంతు కోసం కుట్టిన చొక్కా. మా వాళ్ల పెళ్లిలో ముహూర్తం వేళ బూతు ఫోను సన్నాయి దగ్గర పెట్టించి ఇక్కడ అందరం చెవులొగ్గితే, ఎవరో నీళ్లు పుక్కిలించినట్లు వినిపించింది. పైగా అరిగిన కార్డుల వర్తకులు ఒకసారి కుక్కిన గొంతును విప్పి మళ్లీ కుక్కేవారు. జిరాక్సుకు జిరాక్సు తీసినట్లు. నేను కొన్న ఒక కార్డు మీద మా చెల్లెలి గొంతు మగగొంతులా వినిపించి, తప్పు నంబరనుకుని రెండుసార్లు పెట్టేశాను. డబ్బు రెండుసార్లూ కోశారు.

ఇంటర్నెట్టు మీద మాట పంపాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికా పరిశోధకులు 1974లోనే ఆర్పానెట్ మీద గొంతును పొట్లాలుగా కట్టి పంపి చూశారు. ఇంటి కంప్యూటరుకు అది 1995లో ఇజ్రాయెల్ సంస్థ వోకల్‌టెక్ అమ్మిన సరుకుతో వచ్చింది. ఇండియాలో ఇంటర్నెట్టు టెలిఫోను 2002 ఏప్రిల్ 1 వరకు చట్టవిరుద్ధం. ఆ రోజు నుంచి అనుమతి దొరికింది. 2003 ఆగస్టులో స్కైపు వచ్చింది. మలేషియా ఇళ్లకు స్ట్రీమిక్స్ 2001లో, గాజుతీగ మీద నడిచే యూనిఫై 2010లో వచ్చాయి. స్కైపును 2025 మే నెలలో మూసివేశారు గాని, అది చూపిన దారిలోనే 2015 నుంచి వాట్సాప్ మాటలు నడుస్తున్నాయి.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పాలి. పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే గొంతును మోసేది. మన 'స'కారపు బలం చాలాభాగం 4,000 పైన వుంటుంది. అందుకే పాత ఫోనులో 'సాలు' అన్నా 'ఫాలు' అన్నా ఒకటే. కొత్త పద్ధతులు, ముఖ్యంగా 2012లో ఖరారైన ఓపస్ వంటివి, లైను బాగుంటే అంతకు రెండింతలు పైగా వెడల్పైన గొంతును మోస్తాయి. మొదటిసారి అటువంటి కాల్ విన్న రోజున మా ఆవిడ, "పక్క గదిలో వున్నట్టున్నారు" అన్నది. ఇప్పుడు మన పిల్లలలో కొందరు శ్రీకాకుళంలోనో విశాఖలోనో వున్న పంతులమ్మల దగ్గర ఫోను మీద తెలుగు నేర్చుకుంటున్నారు. స, శ, ష తేడా పుస్తకంలో కంటికి కనిపిస్తుంది. నోటికి రావాలంటే మొదట చెవికి చేరాలి. పాత లైను మీద ఆ పాఠం సాగేది కాదు.

మరి సముద్రం సంగతి? 2002లో సేఫ్ అనే గాజుతీగ పనిలోకి వచ్చింది. దాని దారి చూడండి: పెనాంగు, కొచ్చిన్, మారిషస్‌లో బే జాకోటే, రీయూనియన్, దక్షిణాఫ్రికాలో ఒకప్పటి నేటాల్ తీరాన మ్తుంజినీ, కేప్‌టౌను దగ్గర మెల్క్‌బోస్‌స్ట్రాండ్. 1860లో మొదటి ఓడ మదరాసు నుంచి నేటాల్ చేరిన నాటి నుంచి మన తెలుగు కూలీలు దిగిన తీరాలలో మూడింటిని ఒకే తీగ కలిపి కుట్టింది. ఎవరూ మనల్ని తలచుకుని వేయలేదు, వర్తకం కోసం వేశారు. అయినా పటం మీద చూస్తే మన బంధువుల జాబితాలా వుంటుంది. 2016లో మరొక తీగ పెనాంగును తిన్నగా చెన్నైతో కలిపింది. అంటే 1871 నాటి జంటే మళ్లీ.

పెనాంగుకూ చెన్నైకీ తిన్నగా కొలిస్తే దాదాపు 2,350 కి.మీ. గాజులో వెలుగు సెకనుకు రెండు లక్షల కి.మీ. పోతుంది. కాబట్టి సముద్రం దాటడానికి పట్టేది సెకనులో వెయ్యింట పన్నెండు వంతులు. తీగ వంకరలకు, నేల మీది దారికి కలిపి దానికి అయిదింతలు వేసుకున్నా వెయ్యింట అరవై. పోయే ఆలస్యం వెయ్యింట 150 లోపు వుంటే సంభాషణ సుఖంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం చెబుతుంది. సముద్రం తన వంతు దోషాన్ని కడుక్కున్నది. అప్పుడప్పుడు తీగలు తెగడం వున్నది. 2006 డిసెంబరులో తైవాన్ భూకంపానికీ, 2008 జనవరిలో ఈజిప్టు తీరం దగ్గరా తెగి రోజుల తరబడి బాధపెట్టాయి. కాని రోజువారీ బాధకు అవి కారణం కావు.

అయినా మన ఫోనులో గొంతు ఎందుకు ముక్కలవుతున్నది? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానమంటే కొబ్బరి, జీడి. బాగాన్ దతో వాళ్లకు కొబ్బరిచెట్టు పడితే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మూడు రోజులు మా ఊరి నుంచి కబురు లేదు. మూడో రాత్రి మా పిన్ని, చిన్నతాత కోడలు, కరెంటు లేని ఊరి నుంచి కొడుకు బండి మీద పలాస దాకా వచ్చి అతని ఫోను మీద మాట్లాడింది. క్లాంగులో మా ఇంటి హాలులో పదిమందిమి ఫోను చుట్టూ కూర్చున్నాము. "కొబ్బరితోటంతా పడిపోనాది బాబూ. ఇల్లు పడిపోన్—" అన్నది. అంతే. గొంతు ఆగి, గరగరమని, లైను పోయింది. మళ్లీ కలవలేదు.

మా వైపు మాటలో 'పడిపోనాది' అంటే పడిపోయింది. 'పడిపోనేదు' అంటే పడిపోలేదు. తేడా రెండు అచ్చులే. ఇతర భాషలలో కాదు, లేదు అనేవి వాక్యంలో ముందే రావచ్చు. మనకు లేదు, కాదు, వద్దు అన్నీ చివరనే. చివర తెగితే అర్థం తిరగబడుతుంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. ముత్తాత కట్టిన ఇల్లు అది. ఆయన ఓడ ఎక్కడానికి బయలుదేరిన గడప అదే. మా ఆవిడ ఊదుబత్తి వెలిగించింది. తెల్లవారి తొమ్మిదింటికి పిన్ని కొడుకు నుంచి కబురు వచ్చింది: ఇల్లు పడిపోనేదు. వంటింటి పెంకులు మాత్రం లేచిపోయాయి.

ఆ కాల్‌లో పలాస వైపు దోషం వుండే వుంటుంది. తుపాను తరువాత జనరేటర్ల మీద నడిచే టవర్ల మీద జిల్లా అంతా పడింది. అది ఎవరి తప్పూ కాదు. కాని తరువాత తెలిసిన సంగతి, ఆ వేళ మేడ మీద మా మనవడు కొత్త ఆట ఒకటి దింపుకుంటున్నాడు. మా రౌటరు పెట్టె వాడి గదిలోనే వుంది. మేము కింద, రెండు గోడల అవతల వున్నాము.

ఇంటర్నెట్టు మీద గొంతు పొట్లాలుగా ప్రయాణిస్తుంది. ఒక్కొక్క పొట్లంలో సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు గొంతు వుంటుంది. ఒకటి పోతే అవతలి యంత్రం ముందుదాన్ని చూసి అతికేస్తుంది, మనకు తెలియదు. వరుసగా పదిహేను పోతే? సెకనులో మూడు పదో వంతులు. 'నేదు' అనడానికి పట్టే కాలం అంతే. పొట్లాలు సమానంగా కూడా రావు. అందుకని చెవికి ముందు యంత్రం కొన్నింటిని నిలవ వుంచుకుని వరుసగా వదులుతుంది. ఫ్యాక్టరీ ఆగకుండా వుండాలని రబ్బరు పాల బక్కెట్లను తూకం కొట్టు దగ్గర కొన్ని నిలవ పెట్టుకున్నట్లు. రాక మరీ అస్తవ్యస్తమైతే ఆ నిలవ పెంచాలి. నిలవ పెంచితే ఆలస్యం పెరుగుతుంది. అప్పుడు మా తాత నాటి అరక్షణం మౌనం తిరిగి వస్తుంది. ఆకాశం నుంచి కాదు, మేడ మీది గది నుంచి.

ఆట దింపుకునే పొట్లాలూ పిన్ని గొంతు పొట్లాలూ ఒకే వరుసలో నిలబడతాయి. ఆ వరుస ఎంత పొడవుంటే అంత మంచిదని యంత్రాలు తయారుచేసినవారు చాలాకాలం అనుకున్నారు. అది ఆటకు మంచిదే. గొంతుకు ఉరి. జిమ్ గెటిస్ అనే అమెరికా ఇంజనీరు 2010, 2011 ప్రాంతంలో తన ఇంట్లోనే ఈ జబ్బును పట్టుకుని దానికి పేరు పెట్టి లోకానికి చాటాడు. దీని తరువాత వచ్చిన కొన్ని రౌటర్లు గొంతు పొట్లాలను ముందుకు పంపడం నేర్చుకున్నాయి. అన్నీ కాదు. కొనేటప్పుడు అడగండి.

తక్కినవి చిన్న సంగతులు, ఇంట్లో పెద్దలకు తెలిసి వుండాలి. వైఫై పాత పట్టీ, 2.4 గిగాహెర్ట్జ్ ది, మైక్రోవేవ్ పొయ్యి వాడే పట్టీ ఒకటే. వంటింట్లో పొయ్యి తిరుగుతుంటే హాలులో గొంతు తడబడుతుంది. కొత్త పట్టీ, 5 గిగాహెర్ట్జ్, శుభ్రమైనది గాని గోడలు దాటడంలో బలహీనం. కంప్యూటరు మీద మాట్లాడేవారు దానికి తీగ పెట్టుకుంటే సగం బాధ పోతుంది. మీ మాట మీకే తిరిగి వినిపిస్తే మీ పెట్టెను తిట్టకండి. అవతలి ఇంట్లో లౌడుస్పీకరులోంచి వచ్చిన మీ గొంతు వారి మైకులోకి దూరుతున్నదన్నమాట. వారిని చెవికి పెట్టుకోమనండి. ఇది చెప్పినందుకు మా బావ ఒకాయన నా మీద నెల రోజులు కోపం పెట్టుకున్నాడు, తన ఫోను ఖరీదైనదని. ఇంకొక మాట. పాత రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. గాజుతీగ పెట్టెకు కరెంటు మన ఇంటిది. వానాకాలంలో అది గుర్తుంచుకుని ఒక బ్యాటరీ పెట్టుకోవడం నేరం కాదు.

మా ఇంట్లో రౌటరు కిందికి దిగింది. ఉగాది రోజున పిన్ని ఫోను చేస్తే మనవడి ఆటకు ఒక గంట సెలవు. పిన్నికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఎత్తగానే, "ఒరే, పెట్టి పక్కన కూకున్నావేట్రా?" అని అడుగుతుంది. కూర్చున్నానంటేనే తక్కిన మాటలు. తిత్లీ తరువాత ఆవిడకు ఇంకొక అలవాటు కూడా పట్టింది. ముఖ్యమైన సంగతి ఏదైనా రెండుసార్లు, రెండు విధాలుగా చెబుతుంది. మొన్నటి ఉగాదికి కూడా అలాగే చెప్పింది: "వానకి గోడ పడిపోనేదురా. గోడ ఉంది."